ఫోన్ సంగతులు: తెర మూలన ‘జీ’ అక్షరం

కిందటి సంచికలో పాత నోకియా ఫోన్ల గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. వాటిలో సగం ‘ఆ ఫోన్లలో ఇంటర్నెట్ ఎలా చూసేవాళ్లం’ అన్నదాని మీదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే. కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట చెప్పాలి. 2004 నుంచి కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక మొబైల్ కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేశాను. జీపీఆర్ఎస్, అంటే అప్పటి 2జీ ఫోన్లలో ఇంటర్నెట్, దాని ఫిర్యాదులన్నీ మా వరుస కుర్చీలకే వచ్చేవి. కాబట్టి ఈ విషయంలో నా నోరు కాస్త ఎక్కువే లేస్తుంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి ఈమధ్య కీప్యాడ్ ఫోన్ కొనిచ్చాను. నడిమి బటన్ పొరపాటున నొక్కితే చాలు, ఇంటర్నెట్ తెరుచుకుని బ్యాలెన్స్ పోతోంది. 2007లో నా ఫోన్‌తోనూ ఇదే గొడవ. ఇన్నేళ్లయినా దీనికి మందు లేదా?
— మెడికల్ షాపు యజమాని, మిర్యాలగూడ

ఉందండీ. ముందు మందు చెప్తాను, తర్వాత నా సోది.

అమ్మగారి ఫోన్ నుంచి ‘స్టాప్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి 1925కి మెసేజ్ పంపండి. ఆ నంబరుకి మెసేజ్ ఉచితం. ఆ సిమ్ మీద డేటా ఆగిపోతుంది, మాటలూ మెసేజ్‌లూ మామూలుగానే ఉంటాయి. మళ్లీ కావాలంటే అదే నంబరుకి ‘స్టార్ట్’. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో పెట్టిన ఏర్పాటు ఇది, అన్ని కంపెనీలకీ నంబరు ఒకటే. అలాగే సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్స్ అని ఉంటే, ఆ బటన్‌కి బ్రౌజర్ బదులు టార్చో అలారమో పెట్టేయండి. కొన్ని ఫోన్లలో ఆ బటన్ పని మార్చనివ్వరు. అలాంటప్పుడు మా రోజుల్లోని చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. ఇంటర్నెట్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ అని, ఫోన్ ఇంటర్నెట్‌కి వెళ్లే దారి పేరు ఉంటుంది. అందులో అడ్డదిడ్డంగా ఒక అక్షరం కలిపి సేవ్ చేయండి. ఫోన్ వెతికి వెతికి కనెక్షన్ దొరకలేదని ఊరుకుంటుంది. పైసా పోదు.

ఇక సోది. అప్పటి నోకియాల్లో చాలావాటికి సున్నా బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే బ్రౌజర్ తెరుచుకునేది. కొన్ని మోడళ్లలో దానికి వేరే బటనే ఉండేది, అది కూడా బొటనవేలు ఊరికే తగిలే చోట. నొక్కగానే తెర మూలన ‘జీ’ అని చిన్న అక్షరం వచ్చేది. జీపీఆర్ఎస్ కలిసిందని గుర్తు. ఆ అక్షరం చూడగానే ఎర్ర బటన్ మీద పడి నాలుగైదుసార్లు నొక్కనివాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఉండి ఉండరు. ఎర్ర బటన్ నొక్కితే బ్రౌజర్ మూతపడేది, కానీ అప్పటికి దిగిన డేటాకి లెక్క పడిపోయేది. సింబియన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్లలో ఇంకో తిరకాసు. మెనూ బటన్ నొక్కి బయటికొస్తే బ్రౌజర్ మూసుకోదు, వెనకాల బతికే ఉండి పేజీని తెచ్చుకుంటూనే ఉంటుంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

ఒకాయన ఫోన్ ఇప్పటికీ గుర్తుంది. లారీ డ్రైవరు. “మేడమ్, ఫోన్ జేబుల పెట్టుకుని పండుకున్న. లేచేసరికి పైసల్ లెవ్వు. ఇంటర్నెట్ అంటే ఏందో నాకు తెల్వనే తెల్వదు, నిద్రల చూసిన్నా?” నా తెర మీద లెక్క స్పష్టంగా కనిపిస్తోంది. తెల్లవారుజామున కనెక్షన్, ఇన్ని కేబీలు (కిలోబైట్లు, డేటా కొలత), ఇంత చార్జీ. కీప్యాడ్ లాక్ వేయలేదు, జేబులో బటన్ నొక్కుకుపోయింది, బొమ్మలతో నిండిన హోమ్ పేజీ దిగింది. మా స్క్రిప్టు ప్రకారం ‘మీరు వాడుకున్నదానికే చార్జ్ అయింది సార్’ అనాలి. అన్నాను. అది అబద్ధం కాదు, న్యాయమూ కాదు. నిద్రపోతున్న మనిషి వాడుకోవడం ఏమిటి?

రింగ్‌టోన్లు, కాలర్ ట్యూన్ల బాధ దీనికంటే ఘోరంగా ఉండేది. ఒక్క నొక్కుకే నెలనెలా కట్ అయ్యే సర్వీసు మొదలైపోయేది. 2011 జులైలో ట్రాయ్ ఆదేశమిచ్చి, అలాంటి సర్వీసులకి కస్టమర్ రెండోసారి ‘సరే’ అంటేనే డబ్బు తీసుకోవాలంది. నన్నడిగితే ఆ ఆదేశం అయిదేళ్లు ముందు రావాల్సింది.

ప్రశ్న: ఆంటీ, 2008లో డిగ్రీ చదివేటప్పుడు మామూలు నోకియా ఫోన్‌లోనే వెబ్‌సైట్లు చూసేవాణ్ణని మా నాన్న అంటారు. అంత చిన్న ఫోన్‌లో, అంత తక్కువ మెమరీతో ఎలా కుదురుతుందని అన్నయ్య నవ్వుతున్నాడు. ఎవరిది నిజం?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, తణుకు

నాన్నగారిదే తల్లీ. కాకపోతే ఒక కిటుకు ఉంది. ఆ సైట్‌ని తెరిచింది ఆయన ఫోన్ కాదు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ తెరిచి, నమిలి, ముద్దలు చేసి ఫోన్‌కి పెట్టేది.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఉన్నదే. 1997లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ అనే నాలుగు కంపెనీలు కలిసి ‘వ్యాప్’ అని, ఫోన్‌లో ఇంటర్నెట్ చూపించే పద్ధతి మొదలుపెట్టాయి. 1999లో నోకియా 7110 వచ్చింది, వ్యాప్ బ్రౌజర్‌తో అమ్మకానికొచ్చిన మొదటి ఫోన్ అది. నలుపు తెలుపు తెర, 96 చుక్కల వెడల్పు, 65 చుక్కల ఎత్తు. ఇప్పటి ఫోన్‌లో ఒక యాప్ బొమ్మకే అంతకంటే ఎక్కువ చుక్కలుంటాయి. మామూలు వెబ్ పేజీలు అందులో పట్టవు కాబట్టి, వీటికోసం వేరే భాషలో వేరే పేజీలు రాసేవారు. పేజీ అని కూడా అనేవారు కాదు, కార్డు అనేవారు. మధ్యలో మొబైల్ కంపెనీ వాళ్ల గేట్‌వే, అంటే నడుమ నిలబడే కంప్యూటర్, ఉండేది. అది ఆ కార్డుల్ని కుదించి ఫోన్‌కి పంపేది. 7110 ఒక విడతలో పట్టుకోగలిగింది సుమారు 1,400 బైట్లే. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ అందరూ ఒప్పుకున్న ఒకే లెక్క. అందులో తెలుగు ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, అంటే మన భాషలో అయితే గుణింతాలతో కలిపి ఐదొందల గుర్తులు కూడా పట్టవు.

మన దగ్గర జనం బ్రౌజర్ రుచి చూసింది మాత్రం దీనితో కాదు, ఓపెరా మినీతో. 2005లో నార్వేలో మొదలైంది, 2006 జనవరిలో ప్రపంచమంతా విడుదల చేశారు. జావా అనే సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ ఫోన్‌లోనైనా పడేది. నువ్వు అడ్రస్ కొట్టగానే అది సైట్ దగ్గరికి పోదు, ఓపెరా సర్వర్, అంటే ఆ కంపెనీ పెద్ద కంప్యూటర్, దగ్గరికి పోతుంది. ఆ సర్వర్ అసలు సైట్‌ని పూర్తిగా తెరిచి, బొమ్మల్ని చిన్నవి చేసి, పేజీని ఫోన్ తెరకి సరిపడా సర్ది, తన సొంత పద్ధతిలో కుదించి పంపుతుంది. చూపు ఆనని తాతగారికి మనవడు పేపర్ చదివి వినిపించినట్టు. ఫోన్ పని ఆ వచ్చిన ముద్దని తెర మీద పరచడమే.

దీని విలువ తెలియాలంటే డబ్బు లెక్క వేయాలి. అప్పట్లో 10 కేబీకి 10 పైసలనేది మామూలు రేటు. 300 కేబీ ఉన్న పేజీని నేరుగా దింపితే మూడు రూపాయలు. పైగా జీపీఆర్ఎస్ నడక సెకనుకి నాలుగు కేబీ వస్తే గొప్ప. అంటే నిమిషం పైనే తెర వంక చూస్తూ కూర్చోవాలి. అదే పేజీ ఓపెరా సర్వర్ పదో వంతుకి కుదించి పంపితే ముప్పై పైసలు, ఎనిమిదో పదో సెకన్లు. ఈ మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే డేటా ఆగిపోయేది, మాటలయ్యాక మళ్లీ మొదలు. కాలేజీ పిల్లలు అయిదు రూపాయల బ్యాలెన్స్‌తో పరీక్ష ఫలితాలు, క్రికెట్ స్కోరు చూసేసేవాళ్లంటే అలాగే. బొమ్మలు పూర్తిగా ఆపేసేవాళ్లు, 2, 8 అంకెలతో పైకీ కిందికీ, 4, 6తో పక్కలకీ జరిగేవాళ్లు. ఎన్ని కేబీలు అయ్యాయో అందులోనే లెక్క చూపించేది. మా కస్టమర్లు దాన్ని పట్టుకుని నాతో వాదనకి దిగేవాళ్లు, “మీ లెక్క ఒకటి, దీని లెక్క ఒకటి, ఏంటి కథ?” అని. చాలాసార్లు వాళ్ల వాదనలో పస ఉండేది.

అసలు ఇదంతా మొదలవ్వాలంటే సెట్టింగ్స్ రావాలి. నాన్నగారిని అడుగు, కచ్చితంగా గుర్తుంటుంది. మేం పంపితే ఒక మెసేజ్ వచ్చేది, తెరవగానే పిన్ అడిగేది. చాలామంది తమ ఊరి పోస్టాఫీసు పిన్‌కోడ్ కొట్టేవాళ్లు. ‘కాదు సార్, 1234 కొట్టండి’ అంటే, ‘అది ఏ ఊరిదండీ’ అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. సేవ్ చేశాక దాన్ని డిఫాల్ట్ చేయాలి, ఫోన్ ఆపి మళ్లీ వేయాలి. చిక్కేమిటంటే, ఆ మాట మేం చెప్తున్నది అదే ఫోన్‌లో! ఆపితే మా లైన్ పోతుంది, మళ్లీ చేస్తే ఇంకో అమ్మాయి ఎత్తుతుంది, కథ మొదటి నుంచి. తెలివైనవాళ్లు పక్కవాళ్ల ఫోన్ నుంచి మాకు చేసి, తమ ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లతో పని అయిదు నిమిషాల్లో అయిపోయేది. అవతలి చెవిన “వచ్చిందిరా, గూగుల్ వచ్చింది!” అని కేక వినిపించేది.

అన్నయ్యకి ఇంకో మాట కూడా చెప్పు. చదివి పెట్టేది మధ్యవాడు కాబట్టి, చదివిందంతా మధ్యవాడికి తెలుస్తుంది. ఓపెరా మినీలో ఫోన్ నుంచి సర్వర్ దాకా దారిలో ఎవరూ చదవకుండా ఒక తాళం, సర్వర్ నుంచి సైట్ దాకా ఇంకో తాళం. నడుమ సర్వర్‌లో మాత్రం అంతా తెరిచే ఉంటుంది. పాత వ్యాప్ గేట్‌వేలోనూ ఇదే బొక్క. అందుకే బ్యాంకు పాస్‌వర్డ్ అందులో కొట్టొద్దని తెలిసినవాళ్లు అప్పుడే మొత్తుకున్నారు. అప్పట్లో మనలో చాలామందికి బ్యాంకు పనులు ఫోన్‌లో లేవు కాబట్టి బతికిపోయాం.

ప్రశ్న: నేను 2010 ప్రాంతంలో కువైట్‌లో డ్రైవర్‌గా చేసేవాణ్ణి. ఫోన్‌లో తెలుగు తెరిస్తే అన్నీ డబ్బాలే వచ్చేవి. మా రూములో కడప కుర్రాడు ఒకడు ఫోన్ తీసుకుని ఏదో టైప్ చేసి ఇచ్చాడు, వెంటనే తెలుగు కనబడింది. ఆ మంత్రం ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదమ్మా.
— పాఠకుడు, రాజంపేట

ఆ మంత్రం నాకూ తెలుసన్నా. ఎంతమందికి ఫోన్లో చెప్పానో లెక్కలేదు, మా స్క్రిప్టులో లేకపోయినా సరే.

ఓపెరా మినీలో అడ్రస్ కొట్టే చోట ‘ఓపెరా’, తర్వాత రెండు చుక్కలు, తర్వాత ‘కాన్ఫిగ్’ అని ఇంగ్లీషులో కొట్టాలి. ఒక సాదా పేజీ వస్తుంది, దాన్నిండా అర్థంకాని సెట్టింగులు. కిందికి దిగితే ‘క్లిష్టమైన లిపులకి బొమ్మ ఫాంట్లు వాడాలా’ అనే వరుస ఉంటుంది, ఇంగ్లీషులోనే. దాన్ని ‘నో’ నుంచి ‘యెస్’ చేసి సేవ్ కొడితే అయిపోయింది. మీ రూములో కుర్రాడు చేసింది ఇదే.

ఏం జరిగిందో చెప్తాను. ‘స్త్రీ’ అనే అక్షరం తీసుకోండి. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం ఆరు ముక్కలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫోన్‌లో తెలుగు ఫాంట్ ఉన్నా చాలదు, ఈ ఆరింటినీ కలిపి ఒక రూపం కట్టే తెలివి కూడా ఉండాలి. అప్పటి ఫోన్లలో చాలావాటికి రెండూ లేవు. తెలియని గుర్తు దగ్గర ఒక డబ్బా గీసి ఊరుకునేవి. ఆ సెట్టింగ్ మార్చాక ఏమయ్యేదంటే, అక్షరాలు కట్టే పని ఓపెరా సర్వరే చేసేసి, ఒక్కో అక్షరాన్ని చిన్న బొమ్మగా పంపేది. ఫోన్‌కి తెలుగు రానక్కర్లేదు, బొమ్మలు చూపించడం వస్తే చాలు.

బొమ్మలు కాబట్టి కొన్ని ఇబ్బందులు తప్పలేదు. కేబీలు కాస్త ఎక్కువయ్యేవి. అక్షరాలు పెద్దవి చేసుకుందామంటే కుదిరేది కాదు, ఒత్తులు నలుసుల్లా కనబడేవి. ఆ చదువుకి కళ్లు లాగేవి, కానీ చదివేవాళ్లు చదివారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచే ఉంది, యూనికోడ్‌లో ఉంది, చక్కగా తెరుచుకునేది. బ్లాగులూ అంతే. విచిత్రం ఏమిటంటే అందరికీ కావాల్సిన వార్తాపత్రికల సైట్లలో చాలావాటికి ఈ మంత్రం పారేది కాదు. అవి అప్పటికి యూనికోడ్‌కి రాలేదు, ఎవరి ఫాంట్ వాళ్లు చేయించుకున్నారు. లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, పైన ఫాంట్ ముసుగు వేస్తే తెలుగులా కనబడేవి. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే డబ్బాలు కూడా రావు, ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వచ్చేది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు సెలవుల్లో మాకు ఫోన్ చేసి, “మీ నెట్‌వర్క్‌లోనే పేపర్ చెడిపోతోంది” అని తిట్టేవాళ్లు. మా తప్పు కాదండీ అంటే నమ్మేవాళ్లు కాదు. చాలా తప్పులు మావే అయినప్పుడు, ఇది మాది కాదంటే ఎవరు నమ్ముతారు?

ప్రశ్న: బీరువా సర్దుతుంటే నా నోకియా 6600 దొరికింది. చార్జింగ్ పెడితే వెలిగింది! మా మనవడు అందులో ఇంటర్నెట్ పెట్టి చూపించమంటున్నాడు. ఇప్పుడు వస్తుందా?
— రిటైర్డ్ హెడ్మాస్టర్, ఖమ్మం

మాస్టారూ, వెలిగిందంటే సగం గెలిచినట్టే. కానీ ముందు వెనక మూత తీసి బ్యాటరీ చూడండి. ఉబ్బినట్టు కనబడితే మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు. అందులోది బీఎల్-5సీ. 2007 ఆగస్టులో నోకియా హెచ్చరిక ఇచ్చి, ఆ రకం బ్యాటరీల్లో ఒక కంపెనీ తయారుచేసిన నాలుగు కోట్ల అరవై లక్షల వరకు మార్చి ఇస్తామంది. ఆ వారం మాకొచ్చిన ఫోన్లు ఇంకెప్పుడూ రాలేదు. బ్యాటరీ మేం అమ్మలేదు మొర్రో అన్నా వినరే! ఇప్పుడు బజార్లో అదే సైజు కొత్తవి దొరుకుతాయి, కాస్త పేరున్న కంపెనీది కొనండి.

ఇక సిమ్. 6600 కి వచ్చింది 2జీ ఒక్కటే, వైఫై లేదు. జియోకి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ పెట్టినా లాభం లేదు. 2జీ ఉన్న కంపెనీ సిమ్ కావాలి. చిన్న సిమ్ అయితే ప్లాస్టిక్ అడాప్టర్‌లో పెట్టి వేయాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. యాక్సెస్ పాయింట్ పేరు మీరే చేత్తో కొట్టుకోవాలి.

అదంతా అయ్యి ‘జీ’ వచ్చినా, మామూలు సైట్లు తెరుచుకోవు. ఇది నెట్‌వర్క్ లోపం కాదు, తాళాల సంగతి. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ తాళం వేసిన కనెక్షనే అడుగుతుంది. ఆ తాళాల పద్ధతి మీ ఫోన్ పుట్టిన 2003 తర్వాత చాలాసార్లు మారింది. పాత పద్ధతుల్ని 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ వదిలేశాయి, సైట్ల వైపూ చాలావరకు తీసేశారు. మీ 6600 కి కొత్త తాళం తీయడం రాదు. దానికితోడు, ఏ సైట్‌ని నమ్మాలో చెప్పే సర్టిఫికెట్లు ఫోన్‌లో ఉంటాయి, వాటికీ గడువు తీరిపోయింది.

తాళం అడగని సైట్లు కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి మీలాంటి మాస్టారు చూపించదగ్గది: ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైట్ చిరునామా అది, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రానిది. ఉత్త అక్షరాలు, లింకులు, అంతే. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీ అని కొట్టండి, చివర ‘ఎస్’ పెట్టకండి. ఫ్రాగ్‌ఫైండ్ అని ఇంకొకటి ఉంది. పాత కంప్యూటర్ల కోసం కట్టింది. మీ బదులు అదే సైట్లు తెరిచి, బొమ్మలు పీకేసి, ఉత్త అక్షరాలు పంపుతుంది. తణుకు అమ్మాయికి చెప్పిన మధ్యవాడి పద్ధతే. ఇవి ఇంగ్లీషువే. తెలుగు పేజీల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, రాజంపేట అన్న చూసిన డబ్బాలే వస్తాయి. ఒకటో రెండో ప్రయత్నాలు చేసి రాకపోతే వదిలేయండి, బ్యాలెన్స్ తగలేయొద్దు.

మీరు అడగలేదు గానీ, ఆ ఫోన్‌లో బ్యాటరీ పక్కనో దగ్గర్లోనో ఎంఎంసీ అనే మెమరీ కార్డు ఉంటుంది చూడండి. అప్పట్లో తీసిన ఫోటోలు చాలామంది అందులోనే దాచుకున్నారు. ఎస్‌డీ కార్డు పట్టే రీడర్‌లో అది చాలావరకు పడుతుంది, ఏ ఫోటో స్టూడియోలో అడిగినా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తారు. మనవడి ఇంటర్నెట్ సరదా కంటే ముందు ఆ పని కానిచ్చేయండి. కార్డు లాగేముందు ఫోన్ ఆపడం మరచిపోకండి మాస్టారూ.